కొత్త ఐదు తీగల బాస్ గిటార్‌తో వారంలోపే వేదిక ఎక్కవచ్చా?

నాలుగు తీగల బాస్ నుంచి బ్యాటరీతో పనిచేసే ఐదు తీగల బాస్‌కు మారానని, వచ్చే వారం బీచ్ రోడ్డులో ఆరుబయట కచేరీ ఉందని, ఏది తీసుకెళ్లాలని అడిగారు. కొత్తదే తీసుకెళ్లండి. కాకపోతే ఈ వారమంతా టోన్ నాబ్‌లు తిప్పుతూ కూర్చోకండి. పాత బాస్‌కూ కొత్త బాస్‌కూ తేడా జనంలో ఎవరికీ తెలియదు. మీ చేతులకు మాత్రం మొదటి పాటలోనే తెలిసిపోతుంది.

నేను విశాఖలో సినిమా పాటల ఆర్కెస్ట్రాల్లో బాస్ వాయిస్తాను. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, అప్పుడప్పుడు కళాభారతి లాంటి హాళ్లు. ఐదో తీగ నాకు అవసరమైంది గాయకుల వల్లే. వేదిక ఎక్కాక గొంతు సహకరించడం లేదని ‘కొంచెం శ్రుతి దించండి’ అంటారు. కీబోర్డు ముందున్నవారు బటన్ నొక్కి నవ్వుతూ నిలబడతారు. మన పని అలా తేలదు. నాలుగు తీగల బాస్‌లో అన్నిటికన్నా కింది స్వరం ‘ఈ’ (ఇంగ్లిషు E). పాట ‘డీ’కి దిగిందంటే ఆ అడుగు స్వరం మన దగ్గర లేదు, పై ‘డీ’ పట్టుకుంటే పాట తేలిపోతుంది. ఐదో తీగను ‘బీ’కి శ్రుతి చేస్తాం కాబట్టి దాని మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డు పట్టీ) మీదే ఆ ‘డీ’ దొరుకుతుంది.

చిక్కు కూడా ఆ తీగతోనే. అన్నిటికన్నా లావు తీగ అంటే ‘ఈ’ అని వేళ్లకు ఏళ్ల తరబడి అలవాటు. చూడకుండా చెయ్యి వేస్తే లావు తీగ మీదికే పోతుంది, ఇప్పుడు అక్కడ ఉన్నది ‘బీ’. పాత అలవాటుతో ఐదో ఫ్రెట్ నొక్కితే ‘ఏ’ రావలసిన చోట ‘ఈ’ పలుకుతుంది. ఇంట్లో కూర్చుని, మెడ వైపు చూస్తూ వాయించినంతసేపూ ఈ ఇబ్బంది తెలియదు. అందుకే పాటల జాబితా మొత్తం నిలబడి, స్ట్రాప్ తగిలించుకుని, ఎదుటి గోడను చూస్తూ వాయించండి. స్ట్రాప్ పొడవు ఒకసారి కుదిరాక ఇక మార్చకండి. బాస్ మెడ అంచున ఉండే చుక్కలు ఎర్ర లైటు పడితే సరిగా కనిపించవు కూడా.

కుడి చేతి సంగతి ఇంకా ముఖ్యం. మిగతా తీగలు వాయించేటప్పుడు బొటనవేలు ‘బీ’ తీగ మీద ఆనించి ఉంచండి. లేకపోతే డ్రమ్ముల అదురుకు, సబ్‌వూఫర్ మోతకు ఆ తీగ తనంతట తానే మోగుతుంది. అప్పుడు సౌండ్ ఇంజినీర్ మీ వైపు అదోలా చూస్తారు, మీరు యాంప్ వైపు చూస్తారు.

ఇక ఆరుబయట సంగతి. హాల్లో గోడలు కింది స్వరాలను తిప్పి పంపుతాయి. సముద్రం ఒడ్డున గోడలు ఎక్కడివి? వేదిక మీద మీ బాస్ మీకే పలచగా వినిపిస్తుంది, చెయ్యి యాంప్ వాల్యూమ్ మీదికి పోతుంది. పెంచకండి, మానిటర్‌లో (వేదిక మీద మీ వైపు తిప్పి పెట్టే స్పీకరు) కొంచెం ఎక్కువ ఇవ్వమని అడగండి. ‘ఈ’ తీగ సుమారు 41 హెర్ట్జ్, కొత్త ‘బీ’ సుమారు 31. అద్దెకు వచ్చే సామాన్య స్పీకర్లు 40 హెర్ట్జ్ కిందికి వెళ్లేసరికి నీరసిస్తాయి. జనానికి స్వరం తెలియదు, ఉరుము మాత్రం తెలుస్తుంది. కాబట్టి ‘బీ’ తీగను పాటకు నిజంగా కావలసిన చోటే వాడండి. కొత్తది కొన్నామని ప్రతి పల్లవిలోనూ దిగిపోవడం నాకు నచ్చదు.

బ్యాటరీ 9 వోల్టులది. కొత్తది వేసి, ఇంకొకటి జేబులో పెట్టుకోండి. చాలా బాస్‌లలో కేబుల్ గుచ్చగానే లోపలి సర్క్యూట్ ఆన్ అవుతుంది. రాత్రంతా గుచ్చి వదిలేస్తే బ్యాటరీ ఊరికే ఖర్చవుతుంది. సిగ్నల్ కూడా మీ పాత బాస్ కన్నా గట్టిగా రావచ్చు. సౌండ్ చెక్‌లో మర్యాదగా మెల్లగా వాయించి దిగిపోకండి, కచేరీలో ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా వాయించి చూపించండి. సౌండ్ పగిలితే డీఐ బాక్స్ (బాస్ సిగ్నల్‌ను మిక్సర్‌కు పంపే పెట్టె) మీద సిగ్నల్‌ను తగ్గించే ప్యాడ్ స్విచ్ వేయమనండి.

ఏసీ కారులోంచి దింపిన బాస్‌ను వెంటనే శ్రుతి చేయకండి. కేసు తెరిచి అరగంట వదిలేయండి, ఎందుకంటే తీగలు వేడెక్కుతున్నకొద్దీ శ్రుతి దిగుతుంది. తీగలు కొత్తవైతే ఒక్కోదాన్ని మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేసి, ఇక దిగడం ఆగేదాకా అలాగే చేయండి. మన ఊరి తేమకు మెడ కొంచెం వంగి ఫ్రెట్ల దగ్గర జరజర వస్తే, ట్రస్ రాడ్‌ను (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) కచేరీ రోజు ముట్టుకోకండి. రెండు మూడు రోజుల ముందే తెలిసినవారికి చూపించండి. వాయించాక పొడి గుడ్డతో తీగలు తుడవకపోతే చెమట, ఉప్పు గాలి కలిసి వాటి మెరుపునూ మోతనూ త్వరగా తినేస్తాయి.

పాత బాస్ కూడా వెంట ఉండాలి. శ్రుతి చేసి పక్కన స్టాండు మీద పెట్టండి. దాని లెవెల్ కూడా సౌండ్ చెక్‌లోనే చూపించండి. మధ్యలో మార్చాల్సి వస్తే ముందు ఇంజినీర్‌కు సైగ చేసి, మీ లైను మ్యూట్ అయ్యాకే కేబుల్ పీకండి.