టెక్ సందేహాలు: భాష కూడా తెలియని పాటను పట్టుకునేదెలా?

ప్రశ్న: ఒక చిన్న వీడియో వెనక వచ్చిన పాట నెల రోజులుగా నన్ను వదలడం లేదు. గిటారు మీద ఒకే వరస తిరిగి తిరిగి వస్తుంది, చప్పట్లు పడుతుంటాయి, మధ్యలో ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ ‘లులులు’ అంటారు. అది ఏ భాషో అంతు చిక్కలేదు. వీడియో కింద ‘ఒరిజినల్ ఆడియో’ అని మాత్రమే ఉంది. పాటలను గుర్తుపట్టే షాజామ్ యాప్‌కు వినిపిస్తే దొరకలేదంటోంది. ఇంకేదైనా దారి ఉందా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: ఉంది. అయితే ముందు షాజామ్‌కు ఎందుకు దొరకలేదో చూద్దాం. పాటలో ఏ క్షణాన ఏ స్వరం గట్టిగా మోగిందో అది గుర్తులు తీసుకుని, వాటి అమరికను తన దగ్గరున్న రికార్డింగులతో పోల్చుతుంది. అంటే అది గుర్తుపట్టేది ఒక ఫలానా రికార్డింగునే. అందుకే హోటల్లో గోలగోలగా ఉన్నా పట్టేస్తుంది కానీ, అదే గాయకుడు అదే పాటను స్టేజీ మీద పాడితే తడబడుతుంది. చిన్న వీడియోలు చేసేవాళ్లు పాట వేగాన్ని పెంచడమో తగ్గించడమో చేస్తుంటారు. దాంతో గుర్తులన్నీ జరిగిపోతాయి. మీ విషయంలోనూ అదే జరిగి ఉండొచ్చు.

వీడియోను స్క్రీన్ రికార్డింగ్ చేసి, కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరవండి. అందులో వేగం, శ్రుతి రెండూ కలిసి మారే ఎఫెక్ట్ ఉంటుంది. దాంతో వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ లేదా పెంచుతూ, గొంతు సహజంగా వినిపించిన చోట మళ్లీ షాజామ్‌కు వినిపించండి. యూట్యూబ్‌లో ఉండే స్పీడ్ ఆప్షన్ ఇక్కడ పనికిరాదు. అది వేగాన్ని మార్చినా శ్రుతిని కదలనివ్వదు.

అప్పటికీ దొరక్కపోతే గూగుల్ యాప్‌లో మైక్ నొక్కి, పాట వెతికే బటన్ ఎంచుకుని, పది పదిహేను సెకన్లు కూనిరాగం తీయండి. 2020లో వచ్చిన ఈ సదుపాయం రికార్డింగు జోలికి పోకుండా బాణీ నడకను పోల్చుతుంది. మాటలు రాకపోయినా, శ్రుతి కాస్త తప్పినా ఫర్వాలేదు.

ఇక మీరు రాసిన వర్ణనే ఒక పెద్ద ఆధారం. తిరిగి తిరిగి వచ్చే గిటారు, చప్పట్లు, ఆ ‘లులులు’ కలిశాయంటే నాకు మొదట తోచేది సహారా ఎడారిలోని తువారెగ్ ప్రజల సంగీతం. మాలి, నైజర్, అల్జీరియా దేశాల్లో ఉండే వీళ్ల భాష తమాషెక్. టినారివెన్ బృందంతో మొదలుపెట్టండి, 2012లో గ్రామీ గెలిచినవాళ్లు. తర్వాత నైజర్‌కు చెందిన బొంబినో, ఎండూ మోక్టార్‌లను వినండి. మీ పాట వీళ్లది కాకపోయినా, దాని చుట్టాలు కచ్చితంగా తగులుతాయి. ‘వరల్డ్ మ్యూజిక్’ అని కొడితే ఏమీ తేలదు. ‘తువారెగ్ గిటార్’, ‘డెజర్ట్ బ్లూస్’ అని ఇంగ్లిష్‌లో కొట్టండి.

మోక్టార్ పాటలు మొదట పాకింది సెల్‌ఫోన్ల మీదుగానే. మన దగ్గర మొబైల్ షాపుల్లో మెమరీ కార్డుకు పాటలు ఎక్కించుకున్నట్టే, అక్కడా బ్లూటూత్‌లో ఫోన్ నుంచి ఫోన్‌కు పోయేవి. చాలా ఫైళ్లకు పాడినవాళ్ల పేరు కూడా ఉండేది కాదు. క్రిస్టఫర్ కిర్క్‌లీ అనే అమెరికన్ ఆ కార్డుల్లోని పాటలు సేకరించి, గాయకులను ఒక్కొక్కరినీ వెతికి, సహెల్ సౌండ్స్ అనే తన సంస్థ ద్వారా విడుదల చేశాడు. ఏ యాప్‌కూ దొరకని పాట వెనక కూడా మనిషి ఉంటాడు, ఓపిగ్గా వెతికితే దొరుకుతాడు. అందుకే ఆ వీడియో పెట్టినవాళ్లకు మెసేజ్ పెట్టి అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: కొత్త దేశాల సంగీతం వినాలని ఉంది. కానీ యాప్ నేను విన్నవే తిప్పి తిప్పి ఇస్తోంది. (డిగ్రీ విద్యార్థి, విజయనగరం)

జవాబు: యాప్ మీ పాత అలవాట్లను బట్టే సిఫారసు చేస్తుంది, దాన్ని కాసేపు పక్కన పెట్టండి. రేడియో గార్డెన్ అనే సైట్‌లో భూగోళాన్ని తిప్పి ఏ ఊరి చుక్క మీద నొక్కితే ఆ ఊరి రేడియో లైవ్‌లో వస్తుంది. నచ్చిన పాట వస్తే వెంటనే షాజామ్ పెట్టండి. జానపద సంగీతం విడుదల చేసే అమెరికా సంస్థ స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ సైట్‌లో ఆల్బమ్‌తో పాటు వచ్చిన వివరణ పుస్తకాలు పీడీఎఫ్‌గా ఉచితంగా దొరుకుతాయి. ఎవరు వాయించారు, ఏ ఊళ్లో రికార్డు చేశారు అన్నవి అందులో ఉంటాయి. అక్కడ కనిపించిన ఒక్కో వాద్యకారుడి పేరూ మీకు ఇంకో ఆల్బమ్ చూపిస్తుంది.

ప్రశ్న: ఒక ఇథియోపియా పాట వింటే అచ్చం మోహన రాగంలా అనిపించింది. నా భ్రమా? ఆ గాయని ఇతర పాటలు వెతికితే సరిగా రావడం లేదు. (ఒక సంగీతం టీచర్, తెనాలి)

జవాబు: భ్రమ కాదు. అక్కడి తిజితా అనే స్వరక్రమంలో ఒక రకానికి మోహనలోని స రి గ ప ద స్వరాలే ఉంటాయి. గమకాలు, నడక వేరు. ఇక వెతుకులాట సంగతి. అక్కడి అమ్హారిక్ భాషలోని పేర్లను ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, చిక్కు అక్కడే. ఆల్బమ్ బొమ్మ మీద వాళ్ల లిపిలో పేరుంటే బొమ్మలోని అక్షరాలను చదివే గూగుల్ లెన్స్‌తో కాపీ చేసి, దాన్నే యూట్యూబ్‌లో అతికించి వెతకండి.