పిల్లల సెయిలింగ్ శిక్షణ సంపన్నులకే పరిమితమా?

పరిమితం కాదు, తక్కువ ఖర్చుతో తయారయ్యే, పిల్లలు ఒక్కరే నడపగలిగే చిన్న తెరచాప పడవ రావడం వల్లనే ఈ శిక్షణ సామాన్య కుటుంబాలకూ చేరి దేశదేశాలకు విస్తరించింది.

1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, క్లియర్‌వాటర్ పట్టణంలో ఒక సేవాసంఘం కోరికపై పడవల తయారీదారు క్లార్క్ మిల్స్ పిల్లల కోసం ఆప్టిమిస్ట్ అనే ఈ పడవను రూపొందించాడు. పడవకు ఆ సంఘం పేరే పెట్టారు. ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీట్లు రెండింటితోనే పని ముగియాలి కాబట్టి దాని పొడవు ఎనిమిది అడుగుల లోపే ఆగిపోయింది, ముక్కు కోసుగా కాక మొద్దుగా మిగిలింది. చూడ్డానికి నీళ్లతొట్టిలా ఉంటుందన్న మాట నిజమే గానీ, ఒకే తెరచాప, ఒక చుక్కాని ఉండడంతో ఎనిమిదేళ్ల పిల్లలు సైతం దాన్ని అదుపు చేయగలరు.

2009లో ఏర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో ఇలాంటి పడవల మీదే పేద కుటుంబాల పిల్లలకు శిక్షణ ఇచ్చింది. వారిలో కొందరు జాతీయ పోటీల్లో పతకాలు సాధించారు.

ప్రతి పిల్లవాడికీ సొంత పడవ ఉండాలనుకోవడం చాలామంది పడే పొరపాటు. ఇలాంటి శిక్షణలో పడవలు, లైఫ్ జాకెట్లు సాధారణంగా క్లబ్‌వే, వాటిని పిల్లలు వంతులవారీగా వాడుకుంటారు. పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ అసలు కొరత వచ్చేది శిక్షకులకూ, వెంట తిరిగే రక్షణ బోట్లకూ.