ఖాళీ క్యాసెట్లు చేతికొచ్చిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పాత వీసీఆర్ (వీడియో క్యాసెట్ రికార్డర్), సీలు తీయని ఖాళీ క్యాసెట్లు దొరికాయని, టీవీ ప్రోగ్రాములు రికార్డు చేసుకుంటానని రాశావు. సంతోషం. ముందు ఒకటి తేల్చుకో: చూసి చెరిపేసేదా, దాచుకునేదా? మిగతాదంతా దాన్నిబట్టే.

ఈ-180 క్యాసెట్ పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) మెషీన్‌లో ఎస్‌పీ, అంటే మామూలు స్పీడు మీద మూడు గంటలు వస్తుంది. ఎల్‌పీ అనే నెమ్మది స్పీడులో ఆరు గంటలు. ఆశ పడకు. టేపు సగం వేగంతో నడిచేసరికి బొమ్మ మసకబారుతుంది, ఇంకో వీసీఆర్‌లో వేస్తే గీతలు కూడా పడొచ్చు. దాచుకునేదైతే ఎస్‌పీయే పెట్టు. నాలుగు గంటల ఈ-240లో టేపు పల్చన, నలిగిపోయే భయం ఎక్కువ. అది చూసి చెరిపేసే వాటికి వాడుకో.

ఏళ్ల తరబడి కదలని టేపును రికార్డు చేసేముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టు. క్యాసెట్ కిటికీలోంచి తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం మెషీన్‌లో పెట్టనే పెట్టకు, టేపును చదివే హెడ్లు పాడైపోతాయి.

డిజిటల్ ప్రసారాలను పాత వీసీఆర్ తనంతట తాను పట్టుకోలేదు. సెట్‌టాప్ బాక్స్ నుంచి పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు వీసీఆర్ ఇన్‌పుట్‌కి కలిపి, వీసీఆర్‌లో ఏవీ ఛానెల్ (ఆ వైర్ల నుంచి వచ్చేది) ఎంచుకో. టైమర్ పెట్టి బయటికి వెళ్లేవాళ్లు పొరబడేది ఇక్కడే. టైమర్ వీసీఆర్‌ను మాత్రమే నడుపుతుంది. బాక్స్ ఆన్‌లో, నీకు కావలసిన ఛానెల్ మీద ఉండాల్సిందే. గడియారం సరిచూసి, రెండు నిమిషాలు ముందు మొదలయ్యేలా, పది నిమిషాలు ఆలస్యంగా ఆగేలా పెట్టు. కరెంటు పోయొస్తే చాలా మెషీన్లు టైము మర్చిపోతాయి, అదీ చూసుకో.

ప్రకటనలు రాకుండా పాజ్ నొక్కుతూ కూర్చోవద్దు. పాజ్‌లో హెడ్లు టేపు మీద ఒకేచోట రుద్దుకుంటాయి. అందుకే కాసేపయ్యాక మెషీనే ఆగిపోతుంది, నువ్వు చూసుకోకపోతే మిగతా ప్రోగ్రామంతా పోయినట్టే. ప్రకటనలు పడనీ. ఇరవై ఏళ్లు పోయాక ప్రోగ్రాము కంటే అవే సరదాగా ఉంటాయి, నా మాట నమ్ము.

దాచుకునేది పూర్తికాగానే, లేబుల్ రాయకముందే, క్యాసెట్ వెన్నున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచెయ్. ఇక దాని మీద ఇంకెవరూ పొరపాటున రికార్డు చేయలేరు. ఇంట్లో గొడవలన్నీ ఆ ముక్క విరవకనే వస్తాయి! తర్వాత మనసు మారితే ఆ కన్నం మీద సెల్లో టేపు అతికిస్తే చాలు, మళ్లీ రికార్డు అవుతుంది. లేబుల్ మీద పేరు, తేదీతోపాటు స్పీడు కూడా రాయి.

పూర్తిగా వెనక్కి చుట్టి, పుస్తకంలా నిలబెట్టి, స్పీకర్లకు దూరంగా పెట్టు. కొత్త వీసీఆర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది కాబట్టి, బాగా ఇష్టమైనవి మెషీన్ నడుస్తుండగానే కంప్యూటర్‌లోకి ఎక్కించుకో. అందుకు కావలసిన క్యాప్చర్ కార్డు ఏది కొనాలో తేలకపోతే ఫోన్ చెయ్యి.

మీ మామయ్య