ఎలిజబెత్ రాణి అంటే అంత గౌరవం ఎందుకు? ఈ కాలంలో రాచరికం వల్ల ఉపయోగం ఏమైనా ఉందా?

ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. మనిషి మీద గౌరవం వేరు, ఆ పదవి ఉండాలా వద్దా అన్నది వేరు.

ముందు మనిషి సంగతి. 1952 ఫిబ్రవరి 6న బ్రిటన్ గద్దెనెక్కి, 2022 సెప్టెంబర్ 8న కన్నుమూసే దాకా డెబ్భై ఏళ్ల ఏడు నెలలు. ఆ కాలంలో 15 మంది ప్రధానులు మారారు. మొదటివాడు చర్చిల్ పుట్టింది 1874లో, చివరి ఆవిడ లిజ్ ట్రస్ పుట్టింది 1975లో. ట్రస్‌ను ప్రధానిగా నియమించిన రెండు రోజులకే రాణి పోయారు.

నన్ను ఆకట్టుకునేది మాత్రం ఆవిడ ఫైళ్ల పని. రాజముద్ర ఉన్న ఎర్ర తోలుపెట్టెలు దాదాపు రోజూ వచ్చేవి. కేబినెట్ కాగితాలు, విదేశాంగ శాఖ సమాచారం, సంతకం పెట్టాల్సిన నియామకాలు అందులో ఉంటాయి. పార్లమెంటు జరిగే రోజుల్లో సభలో ఏం జరిగిందో అధికార పార్టీ విప్ ఒకరు విడిగా రాసి పంపాలి. అదొక అధికారిక బాధ్యత. ఇక వారానికోసారి ప్రధానితో భేటీ. గదిలో మూడో మనిషి ఉండరు, ఎవరూ నోట్స్ రాసుకోరు. 2014లో బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని స్కాట్లాండ్‌లో జరిగిన రెఫరెండం ఫలితం విని రాణి ఎంత సంతోషించారో అప్పటి ప్రధాని కామెరాన్ న్యూయార్క్‌లో ఒకరితో అంటుండగా మైక్ పట్టేసింది. ఆయన క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. రాణి వైపు నుంచి అలాంటి మాట జారడం చాలా అరుదు. అన్నేళ్లు నోరు అదుపులో పెట్టుకోవడం ఎంత కష్టమో మన రాజకీయాలు చూసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక పదవి. అక్కడి సంప్రదాయంలో రాజుకు మిగిలిన హక్కులు మూడే: తనను సంప్రదించాలి, ప్రోత్సహించవచ్చు, హెచ్చరించవచ్చు. బిల్లుకు ఆమోదం నిరాకరించడం చివరిసారి జరిగింది 1708లో. ఇప్పుడు రాజు చట్టం మీద సంతకం కూడా పెట్టరు. ఆమోదం పొందే బిల్లుల పేర్లున్న పత్రం మీద పెడతారు.

అసలు పరీక్ష తర్వాతి ప్రధాని ఎవరో తేలనప్పుడు. 1963లో దిగిపోతున్న ప్రధాని మాక్‌మిలన్ ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పిన సలహా ప్రకారం రాణి డగ్లస్-హోమ్‌ను ప్రధానిగా పిలిచారు. అదే పార్టీలో మరో పోటీదారు బట్లర్‌ను పక్కన పెట్టారని గొడవైంది. అప్పటికి వాళ్ల కన్సర్వేటివ్ పార్టీలో నాయకుణ్ని ఓటింగుతో ఎన్నుకునే పద్ధతే లేదు, 1965లో పెట్టుకున్నారు. 2010 మే నాటికి పద్ధతి పూర్తిగా మారింది. 650 సీట్లలో కన్సర్వేటివ్‌లకు 306 వచ్చాయి, ఎవరికీ మెజారిటీ రాలేదు. పార్టీలు తమలో తాము తేల్చుకునే దాకా బ్రౌన్ ప్రధానిగా కొనసాగారు, రాణి జోక్యం చేసుకోలేదు. మే 6న పోలింగ్ అయితే 11న బ్రౌన్ రాజీనామా ఇచ్చాకే కామెరాన్‌కు పిలుపు వెళ్లింది.

1984 ఆగస్టు 16న హైదరాబాద్‌లో ఏం జరిగిందో దీని పక్కన పెట్టి చూడండి. అసెంబ్లీలో బలపరీక్ష పెట్టకుండానే గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను దించేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. నెల తిరిగాక, సెప్టెంబర్ 16న, ఎన్టీఆర్ మళ్లీ వచ్చారు. గవర్నర్‌ను కేంద్రం నియమిస్తుంది, కేంద్రమే తీసేస్తుంది. వంశపారంపర్యంగా వచ్చినవాళ్లు ఏ పార్టీకీ రుణపడి ఉండరు. రాచరికానికి నేనిచ్చే మార్కు ఇదొక్కటే. అదీ పూర్తి మార్కు కాదు: ఐర్లాండ్ ఎన్నికైన అధ్యక్షుడితోనే ఈ పని నడుపుకుంటోంది.

‘రాజు ఉంటే ప్రధాని హద్దు దాటడు’ అనేవాళ్లు 2019 చూడాలి. ఆగస్టు 28న ప్రధాని జాన్సన్ సలహా మీద పార్లమెంటును అయిదు వారాలు మూసేయడానికి రాణి సరేనన్నారు. ఆ సలహా చట్టవిరుద్ధమని సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పారు. ఆపింది కోర్టు. రాణి ఆపే పరిస్థితే లేదు, ఎందుకంటే సలహా కాదంటే అదే రాజకీయం అవుతుంది.

రాజకుటుంబం ఉండబట్టే టూరిస్టులు వస్తారనే వాదన నాకు ఆనదు, ఫ్రాన్స్‌లో రాజు లేని వెర్సాయ్ కోటకి జనం వెళ్లడం లేదా? ఖర్చు విషయంలో ఇరుపక్షాలూ తప్పు లెక్కలు చెబుతాయి. క్రౌన్ ఎస్టేట్, అంటే రాజపదవి పేరున ఉన్న భూములు, భవనాలు, రాజు అమ్ముకోగల సొంత ఆస్తి కాదు. దాని లాభం ఖజానాకే పోతుంది, అందులో ఇంత శాతం అని లెక్కగట్టి 2012 నుంచి రాజకుటుంబానికి గ్రాంటు ఇస్తున్నారు. మొదట్లో అది 15 శాతం. భద్రత ఖర్చు ఆ లెక్కలోకి రాదు కాబట్టి ‘తలకు ఇన్ని పెన్నీలే’ అనే మాట నమ్మకండి. రాణి ఆదాయపు పన్ను కట్టడం మొదలైంది కూడా 1993లోనే, విండ్సర్ కోట కాలిపోయి మరమ్మతు ఖర్చు ఎవరిదని జనం నిలదీశాక.

అభిమానులు దాటేసే విషయం ఇంకొకటుంది. రాజు ఆస్తులకో అధికారాలకో తగిలే బిల్లును పార్లమెంటు ఆమోదించాలంటే ముందుగా ఆయన సమ్మతి తీసుకోవాలి. వాటాదారుల పేర్లు బయటపెట్టించే కంపెనీల బిల్లు 1973లో వచ్చినప్పుడు, రాణి పెట్టుబడులు గుట్టుగా ఉండేలా ఆవిడ లాయర్ ప్రభుత్వంతో మాట్లాడినట్టు అక్కడి నేషనల్ ఆర్కైవ్స్ కాగితాల్లో ఉంది.

అలాగే ఆవిడ మౌనం పదవితో వచ్చేది కాదు. ఆవిడ కొడుకు, ఇప్పటి రాజు ఛార్లెస్ యువరాజుగా ఉన్నప్పుడు మంత్రులకు ఉత్తరాలు రాసేవారు. కోర్టు తీర్పుతో అవి 2015లో బయటపడ్డాయి. సైనిక హెలికాప్టర్ల దగ్గర్నుంచి చేపల దాకా అన్నిటి మీదా ఆయనకు అభిప్రాయాలున్నాయి. రాజుతో, యువరాజుతో జరిగే ఉత్తర ప్రత్యుత్తరాలు సమాచార హక్కు కిందికి రాకుండా 2010లోనే చట్టం మార్చేశారు కాబట్టి, ఇప్పుడు ఆయన ఏం రాస్తున్నారో అడిగినా చెప్పరు.