తెల్లరంగు ట్యూబు పక్కన పెట్టు

గుంటూరు

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు విజయవాడ నుంచి పంపిన మంచు ఊరి బొమ్మ చూశాను. ఇళ్ళు బాగా కుదిరాయి. మంచు మాత్రం సున్నం కొట్టినట్టుంది. తెల్లరంగు ట్యూబు సగం ఖాళీ చేసుంటావు, అవునా? నేనూ మొదట్లో పోస్టర్ వైట్ మందంగా పట్టించినవాణ్ణే. ఆరాక పెచ్చులు లేచింది.

వాటర్ కలర్‌లో మంచంటే కాగితమే తల్లీ. ఇంటి కప్పులు, దారి, గట్లు పెన్సిల్‌తో పల్చగా గీసుకుని, తెల్లగా ఉండాల్సిన చోటికి కుంచె పోనివ్వకు. 300 జీఎస్ఎం దళసరి కాగితం కొనుక్కో, పల్చటిది ఉబ్బిపోతుంది.

అసలు పనంతా నీడలోనే ఉంది. నువ్వు నలుపు కలిపి బూడిదరంగు వేశావు, అందుకే మాసిపోయినట్టుంది. ఎండ తగలని చోట ఆకాశపు వెలుగే పడుతుంది కాబట్టి మంచు మీద నీడ నీలంగా ఉంటుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1868-69 చలికాలంలో వేసిన ‘మాగ్‌పై’ బొమ్మ ఫోన్‌లో తీసి చూడు, దడి నీడ చూస్తే నీకే తెలుస్తుంది.

మంచు మనమెక్కడ చూశాం అంటావేమో. నేనూ చూడలేదు. నాకు పాఠం చెప్పింది వాకిట్లో పోసిన పత్తి కుప్ప. సాయంత్రం ఎండకి ఓ పక్క లేత పసుపు, రెండో పక్క నీలం. రెంటికీ మధ్య గీతంటూ ఉండేది కాదు, మెత్తగా కలిసిపోయేది. పిల్లలం చెయ్యి పెట్టి తీసిన గుంటలో మాత్రం నీడ చిక్కగా ఉండేది. మంచులో అడుగుజాడ కూడా అలాగే వెయ్యి. మెడికల్ షాపులో దూది చుట్ట తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకుని చూడు. దిండు చింపావంటే మీ అమ్మ నన్నంటుంది.

నీడకి అల్ట్రామెరీన్ నీలంలో చిటికెడు బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు, నీళ్ళు ఎక్కువ. ఆరితే పాలిపోతుంది, కాబట్టి వేసేటప్పుడే కాస్త చిక్కగా వెయ్యి. మన ఎండలకి వాష్, అంటే నీళ్ళగా పరిచిన రంగు, సగంలోనే ఆరిపోయి చారలు పడతాయి. కాగితం రెండువైపులా తడిపి, ఫ్యాన్ ఆపేసి, పొద్దున ఆరింటికే కూర్చో. చెమట కాగితం మీద పడనివ్వకు, నా బొమ్మలు రెండు అలాగే పోయాయి!

ఇంకోటి, మంచు ఊళ్ళో నీ చెట్టు వేపచెట్టులా గుబురుగా ఉంది. ఆకులు తీసెయ్యి. కొమ్మల పైఅంచున మాత్రమే తెల్లగా వదులు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు కొత్త బొమ్మ చేత్తో పట్టుకురా. కొరియర్‌లో వద్దు, మడత పడుతుంది.

మీ పెదనాన్న