ఆధారం కనబడని షెల్ఫ్‌కి అసలు బలం ఎక్కడ?

ప్రశ్న: మాది విజయవాడ పటమటలో సొంత ఫ్లాట్. మా అబ్బాయి గదిలో పుస్తకాలకు మూడడుగుల చెక్క షెల్ఫ్ కావాలి. కింద బ్రాకెట్లు కనబడకూడదు. కొని తెచ్చిన షెల్ఫ్ ఒకటి హాల్లో బిగిస్తే కొన్నాళ్లకే ముందుకు వాలిపోయింది. ఈసారి మేమే చేసుకుందామనుకుంటున్నాం. నిలబడుతుందా మాస్టారూ?

జవాబు: నిలబడుతుందమ్మా. ముందు ఆ వాలిన షెల్ఫ్ విప్పి స్క్రూ పొడవు కొలవండి. రెండంగుళాలే ఉంటుందని నా అనుమానం. వెనక చెక్కలోనే అంగుళమున్నర పోతుంది, మిగతా అరంగుళం ప్లాస్టరులో పోతుంది. ఇటుకను ఆ స్క్రూ తాకనే లేదన్నమాట. నా దగ్గరకు బాగుకొచ్చే షెల్ఫుల్లో ఎక్కువగా ఇదే జబ్బు. పైపలక ఎంత ఖరీదైనదైనా, బరువు మోసేది వెనకనున్న రీపరు (పొడవాటి సన్న చెక్క), దాన్ని గోడకు పట్టి ఉంచే స్క్రూలు.

మీరు చేయాల్సినవి రెండు: గోడకు బిగించే చట్రం, దానిమీదకు అగ్గిపెట్టె డొప్పలా తొడిగే డొల్ల పెట్టె. చట్రానికి రెండంగుళాల ఎత్తు, అంగుళమున్నర మందం ఉన్న టేకు రీపరు తీసుకోండి. పొడవు 35 అంగుళాలకు పావు తక్కువ. దానికి ముందుకు పొడుచుకొచ్చేలా ఆరంగుళాల చెక్క చేతులు నాలుగు, ఫెవికాల్ రాసి, వెనకనుంచి మూడంగుళాల స్క్రూలతో, మూలమట్టం చూసుకుంటూ బిగించండి. స్క్రూ తలలు చెక్కలోకి దిగిపోవాలి, లేకపోతే రీపరు గోడకు ఆనదు. పెట్టెకు పైనా కిందా 6 ఎం.ఎం. ప్లైవుడ్, ముందూ పక్కలా 12 ఎం.ఎం. పట్టీలు. మొత్తం పొడవు 36 అంగుళాలు, లోతు 8. లోతు అంతకు మించి పెంచకండి. బరువు గోడకు దూరం జరిగేకొద్దీ స్క్రూను బయటికి లాగే బలం పెరుగుతుంది.

గోడ దగ్గర మాత్రం తొందర వద్దు. స్విచ్ బోర్డుకు నిలువుగా పైనా కిందా, అడ్డంగా ఇరుపక్కలా డ్రిల్ పెట్టకండి. వైర్లు సాధారణంగా అటే పోతాయి. ఆ గది ఎం.సి.బి. (మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే స్విచ్) ఆపేసి, డ్రిల్‌కు కరెంటు వేరే గది నుంచి తెచ్చుకోండి. 8 ఎం.ఎం. బిట్‌తో మొదటి రంధ్రం వేస్తూ రాలే పొడిని చూడండి. మొదట వచ్చేది ప్లాస్టరు. ఆ తర్వాత ఎర్రగా వస్తే మట్టి ఇటుక. బూడిదరంగే వస్తూ, బిట్ గట్టిగా తగులుతుంటే ఫ్లైయాష్ ఇటుక. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద పక్కనే ఉంది కాబట్టి మన బెజవాడ అపార్ట్‌మెంట్లలో ఈ ఇటుక బాగా కనబడుతుంది. రెండిట్లోనూ పట్టు బాగుంటుంది. మెత్తటి తెల్లపొడి రాలుతూ, బలం పెట్టకుండానే బిట్ దిగిపోతే అది ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మ. అప్పుడు హ్యామర్ మోడ్ ఆపేయండి. మామూలు రావల్ ప్లగ్గు (స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం) అందులో వదులైపోతుంది, ఏఏసీ బ్లాకులకని అడిగి వేరే ప్లగ్గులు తెచ్చుకోండి.

గోడకు నాలుగంగుళాల స్క్రూలే వాడండి, ఆరు చోట్ల, ఒకటి పైకి ఒకటి కిందికి. ప్లగ్గు ప్లాస్టరు దాటి ఇటుకలోకి దిగాలి. ఒక స్క్రూ బిగించి, రసమట్టం పెట్టి చూసి, ఆ తర్వాతే మిగతా గుర్తులు పెట్టుకోండి. పెట్టె తొడిగే ముందు చట్రం చేతులమీద కిందికి గట్టిగా నొక్కండి. రీపరు పై అంచు దగ్గర నూలుపోగంత సందు వచ్చినా విప్పి మళ్లీ బిగించాల్సిందే. అంతా సరిగ్గా ఉంటే పెట్టె తొడిగి, పైనుంచి చిన్న స్క్రూలతో రీపరుకు పట్టించండి.

ఇక పుస్తకాలు. అడుగు పొడవున పేరిస్తే సుమారు పది కిలోలు తూగుతాయి. మూడడుగులూ నింపితే ముప్ఫై. నా మాట వింటే సగం పుస్తకాలు, సగం తేలిక వస్తువులు పెట్టండి. లావు గైడ్లు బల్లమీదే ఉండనివ్వండి. ఎంత గట్టిగా బిగించినా, బాబు తల పెట్టుకుని పడుకునే చోటికి పైన మాత్రం ఈ షెల్ఫ్ వద్దమ్మా.

ప్రశ్న: టేకు మాకు అందుబాటులో లేదు. వేప రీపరు పనికొస్తుందా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: పనికొస్తుంది, చెదలు కూడా తొందరగా పట్టవు. అయితే పచ్చి చెక్క వాడకండి. రోహిణీ కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, పచ్చి వేప ఆగుతుందా? నీడలో గాలాడేలా పేర్చి ఒక వేసవి గడవనివ్వండి. అంతవరకు ఆగలేకపోతే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న (నీటిని తట్టుకునే మెరైన్ రకం) 19 ఎం.ఎం. ప్లైవుడ్ రెండు పొరలు అతికించి రీపరు కోయించుకోండి. చేతుల స్క్రూలకు ముందుగా సన్న బిట్‌తో దారి చేయండి, లేకపోతే పొరలు విడిపోతాయి.