ధ్యాన కేంద్రానికి స్థలం కొనేముందు అక్కడ ఎన్నిసార్లు కూర్చున్నారు?

మీ బౌద్ధ ధ్యాన బృందం విజయవాడలో అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చిందని, ముప్ఫై మంది వరకు ఉన్నారని, ఊరి చివర రైలు పట్టాలకు కాస్త దూరంలో 400 గజాల స్థలం చూశారని రాశారు. హాలు ఎంత కట్టించాలి, ప్లాను ఎలా వేయించాలి అన్నది మీ ప్రశ్న. ప్లాను సంగతికి వస్తాను. అంతకంటే ముందు నాదొక ఎదురు ప్రశ్న: ఆ స్థలంలో మీరు ఎన్నిసార్లు కూర్చున్నారు? వెళ్లి చూడటం కాదు, కళ్లు మూసుకుని గంటసేపు కూర్చోవడం.

విశాఖపట్నంలో మా బృందానికి చాలా ఏళ్లు లెక్కలు చూశాను. మొదట్లో ఒక సభ్యుడి మేడ మీద రేకుల షెడ్డులో కూర్చునేవాళ్లం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ రేకులను ఎత్తుకుపోయింది. ఒక రేకు మాత్రం రెండు వీధుల అవతల దొరికింది. తరువాత మూడేళ్లలో మూడు అద్దె ఇళ్లు మారాం. ఇంటి యజమానులందరూ మొదట "ధ్యానమా, చాలా మంచిది" అన్నవారే. ఆదివారం ఉదయం గుమ్మం ముందు ముప్ఫై జతల చెప్పులు చూశాక ఆ మాట మారిపోయేది.

సొంత చోటు కోసం మొదట భీమిలి వైపు ఒక స్థలం చూశాం. తాటితోపు, దూరంగా కొండ. ఆదివారం పదకొండు గంటలకు వెళ్లి, చూసి, మురిసిపోయి బయానా ఇచ్చేశాం. మాతో కూర్చునే పెద్దావిడ ఒకరున్నారు, అందరం అమ్మమ్మగారు అని పిలుస్తాం. "నాయనా, మనం కూర్చునేది తెల్లవారుజామున, మళ్లీ సందెవేళ. పదకొండింటికి చూసొస్తే ఏం తెలుస్తుంది?" అన్నారావిడ. అది మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. శనివారం సాయంత్రం నలుగురం చాపలు పట్టుకుని వెళ్లాం. తాటితోపు వెనక ఫంక్షన్ హాలు ఉంది. ముందు బ్యాండు మేళం, తరువాత డీజే, ఆపైన బాణసంచా. బయానాలో సగమే తిరిగొచ్చింది. అమ్మకందారును తప్పుపట్టలేం, ఫంక్షన్ హాలు దాచిపెట్టగలిగే వస్తువు కాదు కదా.

రెండో స్థలంలో ఏడుసార్లు కూర్చున్నాకే డబ్బు మాట ఎత్తాం. తెల్లవారుజామున ఐదింటికి, సాయంత్రం ఆరింటికి, ఒకసారి వానలో గొడుగుల కింద, ఒకసారి పండగ రోజున. ఇదేదో మా సొంత తెలివి అనుకోకండి. భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో, చుల్లవగ్గం అనే భాగంలో, అనాథపిండికుడనే వర్తకుడు బుద్ధుడి కోసం శ్రావస్తి చుట్టూ స్థలం వెతికిన కథ ఉంది. ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు, రాకపోకలకు వీలుండాలి, పగలు జనం రద్దీ, రాత్రి సడి ఉండకూడదు. అవీ ఆయన చూసుకున్న లక్షణాలు. చివరికి జేతుడనే రాకుమారుడి తోట నచ్చి, నేలంతా నాణేలు పరిచి కొన్నాడంటారు. మా ఊరి శివారు ధరలు చూశాక ఆ కథలో అతిశయోక్తి ఏమీ కనిపించలేదు నాకు.

"మరీ దూరం కాకూడదు" అన్నదాన్ని మేం తేలిగ్గా తీసుకున్నాం. కారున్నవాళ్లకు అరగంట ప్రయాణమే. ఆరింటికి బస్సు దొరకని ఆడవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మాత్రం ఒక్కొక్కరే తగ్గిపోయారు. అది గమనించేసరికి ఆరు నెలలు గడిచాయి. ఇప్పుడు బుధవారం ఊళ్లోనే ఒకరి ఇంట్లో కూర్చుంటున్నాం. స్థలం చూసిరావడానికి మీవాళ్లలో ఒకరిని బస్సులో పంపండి.

తరువాత నీళ్లు. మా దగ్గర బావికొండ, తొట్లకొండ అని రెండు ప్రాచీన బౌద్ధ విహారాలున్నాయి. రెండూ నీళ్ల పేర్లే. తొట్లకొండకు ఆ పేరు వాన నీరు నిలవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్ల వచ్చింది. సముద్రం కనిపించే ఆ కొండమీద చైత్యం, భిక్షువుల గదులు, భోజనశాల చూసి "ఎంత ప్రశాంతమైన చోటో" అంటాం కానీ, ఆ తొట్లు లేకపోతే అంతమంది అక్కడ ఎలా బతికేవాళ్లు? మీరు బోరు వేయించాలనుకుంటే పక్కవాళ్ల బోరులో నీళ్లున్నాయో లేదో మే నెలలో అడగండి, నవంబరులో కాదు.

ఇక హాలు. ఇంజనీరు ముప్ఫై అడుగుల వెడల్పు, యాభై అడుగుల పొడవు గీసిచ్చాడు. మేస్త్రి ముగ్గు పోసిన రోజున అందరం చాపలు, దిండ్లు తెచ్చుకుని ఆ గీతల మధ్య నిజంగానే కూర్చున్నాం. ఒక్కొక్కరికి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు వదిలి, నడవడానికి దారి పెట్టి, వెనక వరుసలో కుర్చీలు వేసుకున్నా సగం హాలు ఖాళీగా మిగిలింది. ముగ్గు చెరిపి ఇరవైకి ముప్ఫై అడుగులు పోయించాం. మిగిలిన డబ్బుతో పక్కన నలభై అడుగుల పొడవున వరండా వేశాం. నడక ధ్యానం వర్షంలోనూ ఆగలేదు. పాళీ గ్రంథాల్లో చంకమం అనేది ఇదే. ఎండకూ చలికీ ఇబ్బందిగా ఉందంటే దానికి కప్పు వేసుకోవడానికి కూడా బుద్ధుడు అనుమతించాడు. మా మొత్తం కట్టడంలో నాకు నచ్చింది ఆ వరండాయే.

పైకప్పు రేకులతో వేయకండి. తుపాను సంగతి అలా ఉంచినా, వాన పడితే గంట మోగినా వినపడదు.

మేం చేసిన పెద్ద పొరపాటు మరుగుదొడ్లది. పైపుల ఖర్చు కలిసొస్తుందని హాలు వెనకగోడకు ఆనించి రెండు కట్టాం. లోపల అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గోడ అవతల ఫ్లష్ శబ్దం వింటే కొత్తవాళ్లకు నవ్వు ఆగేది కాదు. పైగా విరామం వస్తే ముప్ఫై మందీ ఒకేసారి లేస్తారు, రెండు ఏం చాలతాయి? ఏడాది తిరక్కుండా వాటిని తీసేసి స్థలం చివర వాయవ్యం మూల ఐదు కట్టించాం. అప్పటిదాకా వాస్తు కావాలనేవాళ్లు, వద్దనేవాళ్లు రెండు పక్షాలుగా ఉండేవారు. వాయవ్యం కాబట్టి వాస్తు కావాలనేవాళ్లకూ నచ్చింది, హాలుకు దూరం కాబట్టి వద్దనేవాళ్లకూ నచ్చింది. ఆ ఒక్క విషయంలోనే అందరం ఏకమయ్యాం.

హాల్లో ఏం పెట్టాలన్నది గోడలు లేవకముందే తేల్చుకోండి. మాలో అంబేడ్కర్ దారిలో బౌద్ధంలోకి వచ్చినవాళ్లున్నారు, ఆనాపానసతి, అంటే శ్వాసను గమనించే ధ్యానం, తప్ప మరేదీ వద్దనేవాళ్లున్నారు. మూడు సమావేశాలు వేడివేడిగా జరిగాక హాల్లో చిన్న బుద్ధ విగ్రహం, అందరూ ముందు అడుగుపెట్టే గ్రంథాలయం గదిలో అంబేడ్కర్ చిత్రపటం అనుకున్నాం. మీ నిర్ణయం వేరేలా ఉండొచ్చు. గృహప్రవేశం నాడు మాత్రం ఆ చర్చ పెట్టుకోకండి.

రిజిస్ట్రేషన్ "ప్రస్తుతానికి" ఒక సభ్యుడి పేరు మీద చేయించవద్దు. నాకు తెలిసిన ఒక బృందం అలా చేసింది. ఆయన పోయాక వారసులు పంపకాలు అడిగారు. ముందు ట్రస్టో సొసైటీయో నమోదు చేసుకోండి, ఆదాయపు పన్ను శాఖ దగ్గర సంస్థకు పన్ను మినహాయింపు నమోదు, వీలైతే దాతలకు మినహాయింపు వచ్చే అనుమతి తీసుకోండి, ఆ పేరు మీదే భూమి కొనండి. అమెరికాలో ఉన్న పిల్లలు పంపే విరాళాల దగ్గరా జాగ్రత్త. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల సొమ్ము, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు, దానికోసం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా లేకుండా తీసుకోకూడదు. భారత పౌరులుగానే ఉన్న ప్రవాసులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది ఆ లెక్కలోకి రాదు.

"శబ్దం కూడా ధ్యానానికి ఆలంబనమే, మనసు నిలపడానికి ఆధారమే, రైలుకు భయపడటమేమిటి" అని మీలో ఒకరు వాదిస్తున్నారని రాశారు. పదేళ్లుగా కూర్చుంటున్నవారికి అది నిజమే. మొదటిరోజు వచ్చిన మనిషికి మొదటి పది నిమిషాల్లోనే గూడ్సు బండి వస్తే రెండోరోజు రారు. 400 గజాలు మీకు చాలు. ఈ వారం తెల్లవారుజామున వెళ్లి కూర్చోండి. ఆ వాదించేవారినీ వెంట తీసుకెళ్లండి, మొన్నమొన్నే చేరిన ఒకరినీ తీసుకెళ్లండి. లేచాక కొత్తవారిని ముందు అడగండి.